ఆరోగ్యం, కనీస ఆశిత వేతనం

ఇంతకు తక్కువైతే పనికి వెళ్ళనని మనిషి మనసులో పెట్టుకునే మొత్తమే కనీస ఆశిత వేతనం. అనారోగ్యం దీన్ని రెండు వైపులా లాగుతుంది. ఒళ్ళు సహకరించనప్పుడు అదే పని మరింత భారమై, ఎక్కువ కూలి ఇస్తే తప్ప గిట్టదనిపిస్తుంది. మరోవైపు మందుల ఖర్చు మీదపడి, ఎంతిస్తే అంతకే ఒప్పుకోవలసి వస్తుంది. ఆరోగ్యాన్ని పెట్టుబడిగా లెక్కగట్టిన మైకేల్ గ్రాస్‌మన్ (1972), పని చేయగల కాలాన్ని అదే నిర్ణయిస్తుందన్నాడు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇది కళ్ళకు కడుతుంది. కవిటి, సోంపేట, మందస వంటి మండలాల్లో కొబ్బరి, జీడితోటల మీద బతికేవారిని దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి పీడిస్తోంది. కారణం ఇదమిత్థంగా తేలలేదు. డయాలసిస్ సాధారణంగా వారానికి రెండు మూడు సార్లు, ఒక్కో విడత దాదాపు 4 గంటలు. రానుపోను ప్రయాణం, ఆపైన నీరసం కలిస్తే ఆ రోజు కూలి పోయినట్టే. తోడు వెళ్ళినవారిదీ పోతుంది, లెక్కల్లోకి తరచూ రానిది ఇదే. మిగతా రోజుల్లోనూ చెట్టెక్కి కాయ దింపడం వంటి కష్టమైన పనులు చేతకావు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డయాలసిస్ రోగులకు నెలకు రూ.10,000 పింఛను ప్రకటించింది. ఇలాంటి ఆదాయం ఆశించే కూలిని పెంచి, పనికి వెళ్ళేవారిని తగ్గిస్తుందని సిద్ధాంతం. పనే చేయలేనివారి విషయంలో ఆ వాదనకు బలం తక్కువ.