4294967297 (ఐదో ఫెర్మా సంఖ్య)

429 కోట్ల 49 లక్షల 67 వేల 297. రెండు యొక్క 32వ ఘాతానికి ఒకటి కలిపితే వచ్చే ఈ సంఖ్య సుమారు 90 ఏళ్లపాటు ప్రధాన సంఖ్యగానే చలామణి అయింది. నిజానికి ఇది 641, 6700417 అనే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం.

ఫ్రాన్సులోని తులూజ్‌లో న్యాయాధికారిగా పనిచేస్తూ గణితంలో మునిగి తేలిన పియెర్ ద ఫెర్మా 1640లో ఒక వరుసను గమనించాడు: 3, 5, 17, 257, 65537. రెండును 1, 2, 4, 8, 16వ ఘాతాలకు పెంచి ఒకటి చొప్పున కలిపితే వచ్చేవి ఇవి. అయిదూ ప్రధాన సంఖ్యలే. ఈ వరుసలో ముందుకు ఎంత దూరం వెళ్లినా ప్రధాన సంఖ్యలే వస్తాయని ఆయన గట్టిగా నమ్మాడు, రుజువు మాత్రం తన దగ్గర లేదని ఒప్పుకున్నాడు. ఈ వరుసలోనివే ఫెర్మా సంఖ్యలు. 3ను సున్నావదిగా లెక్కిస్తారు కనుక 65537 నాలుగోది, మన సంఖ్య ఐదోది.

1729 డిసెంబరులో గణితవేత్త గోల్డ్‌బాక్ ఒక ఉత్తరంలో ఫెర్మా నమ్మకాన్ని ప్రస్తావించి మరో గణితవేత్త ఆయిలర్ దృష్టిని ఇటు మళ్లించాడు. 1732లో ఆయిలర్ 641 అనే భాజకాన్ని బయటపెట్టాడు. ఈ కథలో అసలు అందం భాజకాన్ని వెతికే తీరులో ఉంది. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64తో భాగిస్తే 1 మిగలాలని ఆయన తర్వాత రుజువు చేశాడు. ఆ షరతుకు నిలిచే ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641... అయిదో ప్రయత్నానికే పని పూర్తవుతుంది. 6700417 ప్రధాన సంఖ్యేనని తేల్చడానికీ ఇలాంటి జల్లెడే సరిపోతుంది: దాని వర్గమూలం 2588 దాటి కొద్దిగానే ఉంటుంది.

641 ఎందుకు భాగిస్తుందో భాగహారం చేయకుండానే చూపవచ్చు. 641 అంటే 5×2⁷+1. అదే 5⁴+2⁴ కూడా. రెండో రూపాన్ని 2²⁸తో గుణిస్తే 5⁴×2²⁸+2³² వస్తుంది, అది 641కి గుణిజం. 5⁴×2²⁸–1కి 5×2⁷+1, అంటే 641, ఒక కారణాంకం. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది 2³²+1.

ఫెర్మా పేరు మీదున్న చిన్న సిద్ధాంతమే ఆయన్ని హెచ్చరించగలిగేది: p ప్రధాన సంఖ్య అయితే, అది భాగించని ఏ ఆధార సంఖ్యనైనా p–1వ ఘాతానికి పెంచి pతో భాగిస్తే 1 మిగలాలి. ఆధారంగా 2 తీసుకుంటే ఈ సంఖ్య ప్రధాన సంఖ్యలాగే ప్రవర్తిస్తుంది. 3 తీసుకుంటే దొరికిపోతుంది. అందుకు 32 సార్లు వర్గం చేసి శేషం తీసుకుంటే చాలు. శ్రమే అయినా చేతితో చేయగలిగిన లెక్క.

ఫెర్మా అంచనా తప్పినా వరుస విలువ తగ్గలేదు. 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చని 1796లో గాస్ కనుగొన్నాడు. అలా గీయగలిగే క్రమ బహుభుజి భుజాల సంఖ్య బేసి అయితే అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం అయితీరాలని 1837లో వాంట్జెల్ రుజువు చేశాడు. కనుక 4294967297 భుజాల బహుభుజిని అలా గీయలేం. దానికి రెండు తక్కువైన 4294967295 మాత్రం తెలిసిన అయిదు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం. ఆ విధంగా గీయగలమని తెలిసిన బేసి భుజాల బహుభుజుల్లో అన్నిటికన్నా పెద్దది అదే.

ఆరో ఫెర్మా సంఖ్యను 1880లో లాండ్రి విడగొట్టాడు, అప్పటికి ఆయనకు ఎనభై దాటింది. ఐదో సంఖ్య నుంచి 32వ దాకా అన్నీ సంయుక్త సంఖ్యలేనని ఇప్పుడు తెలుసు. వాటిలో 20, 24వ సంఖ్యలకు మాత్రం ఒక్క కారణాంకమూ చేజిక్కలేదు.