కొలవెరి పాట: మెచ్చినవారు, నొచ్చుకున్నవారు

"వై దిస్ కొలవెరి డి" అనేది "3" అనే తమిళ చిత్రంలోని హాస్యగీతం. చిత్రం కన్నా ముందే, 2011 నవంబరు 16న, ఇది యూట్యూబులో విడుదలైంది. రాసి పాడినవారు ధనుష్. సంగీతం కూర్చిన అనిరుధ్‌కు అప్పుడు 21 ఏళ్ళు. ఆయనకిదే తొలి చిత్రం. తమిళంలో కొలై అంటే హత్య. వెఱి అంటే మన తెలుగు వెర్రే.

ప్రేమలో ఓడిన కుర్రవాడు వచ్చీరాని ఇంగ్లీషులో మొరపెట్టుకోవడమే ఇందులోని హాస్యం. కొద్ది వారాల్లోనే కోటి సార్లకు పైగా చూశారు. ఉర్దూ కవి జావేద్ అఖ్తర్ మాత్రం బాణీ మామూలుదనీ, గానం నాసిరకమనీ, మాటలు రసికులకు అవమానమనీ విమర్శించారు.

నవ్వించే మోటు పాటలపై ఇలా అభిప్రాయాలు చీలడం కొత్త కాదు. 1976లో న్యూయార్కు పంక్ రాక్ బృందం రామోన్స్ 14 పాటల తొలి ఆల్బమ్ తెచ్చింది. మొత్తం నిడివి 29 నిమిషాలే. అక్కడ విమర్శకులు మెచ్చినా జనం అంతగా కొనలేదు. అమెరికా పట్టికలో 111వ స్థానం దాటలేదు. కొలవెరికి జరిగింది దీనికి తలకిందులు.

కొలవెరిలోని తప్పుల ఇంగ్లీషు పాడే పాత్రది. దాన్ని రాసినవారి చేతకానితనంగా లెక్కించడం న్యాయం కాదు. కోవిల్‌పట్టి, విరుదునగర్, పాంచాలంకురిచ్చి వైపు మన ఇండ్లలోని తమిళం కలిసిన తెలుగు విని ఆంధ్రనుంచి వచ్చినవారు నవ్వుతుంటారు. నవ్వనీండి. ఆ తెలుగు మన పిల్లల నోట నిలిస్తేనే కదా, రేపు ఎవరైనా నవ్వేది!