డిగ్రీ అవగానే ఎంబీఏనా? కృష్ణా డెల్టా చరిత్ర చెప్పే జవాబు



డిగ్రీ ఆఖరి సెమిస్టర్ పరీక్షలు అవ్వగానే మా పిల్లలు ఏటా ఒకటే ప్రశ్న అడుగుతారు. “సార్, ఐసెట్‌లో ర్యాంకు వచ్చింది. ఎంబీఏలో చేరిపోమంటారా? ఏదన్నా ఉద్యోగం చేసి తర్వాత చదవమంటారా?” కెరీర్ గైడెన్స్ వాళ్ళయితే రెండు నిమిషాల్లో జవాబు చెప్పేస్తారు. అందులో మీ అభిరుచి ఉంటుంది, మీ లక్ష్యం ఉంటుంది. మీ పేట ఉండదు. మీ అమ్మ కూలి డబ్బులు ఉండవు. అందుకే ఈ వారం వ్యాసం ఈ ప్రశ్న మీదే. జవాబు కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఓపిక పట్టండి.

బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలవలు పారాయి. మెట్ట మాగాణి అయింది. ఆ కాలవల మట్టి మోసిన వాళ్ళలో మన ముత్తాతలున్నారు. ఆ నీళ్ళు పారిన పొలాల పట్టాల్లో మాత్రం వాళ్ళ పేర్లు దాదాపు లేవు. పొలం ఉన్నోడికి గింజలు మిగిలాయి. గింజలు డబ్బయ్యాయి. ఆ డబ్బు రైసు మిల్లయింది, లారీ అయింది, సినిమా హాలయింది, చిట్ ఫండయింది, చివరికి ఇంజినీరింగ్ కాలేజీ కూడా అయింది. ఇది నేను కోపంతో అంటున్న మాట కాదు. కోస్తాంధ్ర రైతు కులాలు వ్యవసాయ మిగులుతో పెట్టుబడిదారులుగా ఎలా మారాయో కరోల్ ఉపాధ్య 1988లోనే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వివరంగా రాశారు. మచిలీపట్నంలో 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య పెట్టిన ఆంధ్రా బ్యాంకు కూడా ఆ కాలపు బిడ్డే. డెల్టాలో డబ్బు పుట్టింది కాబట్టే బ్యాంకు పుట్టింది.

ఇక్కడ ఒక మాట అడుగుతాను. ఆ పొలాల్లో మేనేజ్‌మెంట్ ఎవరు చేశారు?

ఆసామి బెజవాడలో వ్యాజ్యం చూసుకుంటుంటే, ఏ మడికి ఎప్పుడు నీళ్ళు పెట్టాలో, ఏ రోజు ఎంతమంది కూలీలు కావాలో, ఎద్దుల్ని ఎక్కడ కట్టాలో, నారు ఎప్పుడు తీయాలో చూసింది పెద్ద పాలేరు. నాట్లు గుత్తకి మాట్లాడి, ఇరవై మంది ఆడవాళ్ళని పోగేసి, ఎకరాకి ఇంతని బేరమాడి, చీకటి పడేలోపు పని ముగించి, రాత్రికి పేటలో కూర్చుని పైసా తేడా రాకుండా పంచింది మన మేస్త్రమ్మలు. మనుషులు, సమయం, డబ్బు, సరుకు. ఎంబీఏ మొదటి సెమిస్టర్‌లో చెప్పేది ఇదే కదా! మనోళ్ళు చేసినప్పుడు దానికి పాలేరుతనం అని పేరు పెట్టారు, జీతం గింజల్లో కొలిచారు. కాబట్టి “మన ఇళ్ళల్లో ఎవరికీ మేనేజ్‌మెంట్ తెలీదు సార్” అని ఇంకెప్పుడూ అనకండి. మన ఇళ్ళల్లో లేనివి పెట్టుబడి, పరిచయాలు, కాగితం. ఎంబీఏ వీటిలో మనకి ఏది ఇస్తుంది, ఎంతకి ఇస్తుంది అన్నదే అసలు లెక్క.

ఇప్పుడు 1957కి రండి. ప్రకాశం బ్యారేజీ పూర్తయిన ఏడాది అది. డెల్టాకి నీళ్ళు మరింత ఖాయమయ్యాయి. అదే ఏడాది ఆంధ్ర విశ్వవిద్యాలయం ఎంబీఏ కోర్సు మొదలుపెట్టింది. దేశంలో మొట్టమొదటి పూర్తికాలపు ఎంబీఏ తమదేనని ఆ విశ్వవిద్యాలయం చెప్పుకుంటుంది. కలకత్తా, అహ్మదాబాద్ ఐఐఎంలు వచ్చింది ఆ తర్వాత, 1961లో. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది మన బెజవాడలోనే, వాల్తేరు వెళ్ళింది 1930లో. అంటే ఈ చదువు మనకి దూరదేశం నుంచి నిన్న మొన్న వచ్చింది కాదు. మన గడప పక్కనే అరవై ఏళ్ళకి పైగా ఉంది. రైసు మిల్లు ఉన్న ఇంటి కుర్రాడికి అది తండ్రి కుర్చీ మీద వేసుకునే తువ్వాలు. కోర్సు అయ్యాక ఎక్కడ కూర్చోవాలో అతనికి ముందే తెలుసు. డిగ్రీ అవగానే చేరినా, పదేళ్ళ తర్వాత చేరినా అతనికి పోయేదేమీ లేదు. ఎప్పుడు చేరాలన్నది ప్రాణం మీదికి వచ్చేది మనకే.

మన వైపు చరిత్ర ఇంకో ఏడాది నుంచి చెప్పాలి. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ మహాజన సభ జరిగింది. మనం పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని ప్రకటించిన సభ. సభకి వచ్చినవాళ్ళు కొండెక్కుతారేమోనన్న భయంతో కనకదుర్గ గుడి మూసేశారు. ఆ సభ బడులు అడిగింది, బావులు అడిగింది. అక్షరం, మంచినీళ్ళు. నలభై ఏళ్ళ తర్వాత ఒకరు ఎంబీఏ మొదలుపెడుతుంటే, మనం ఇంకా ఆ రెండింటి దగ్గరే ఉన్నాం.

సరిగ్గా అదే 1917లో బాబాసాహెబ్ ఎక్కడున్నారు? బరోడా స్కాలర్‌షిప్ గడువు అయిపోయి, లండన్ చదువు మధ్యలో ఆపేసి ఇంటికొచ్చారు. మీ ప్రశ్నకి జవాబు ఈ ఘట్టంలో ఉంది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

బరోడాలో ఉద్యోగంలో చేరితే ఉండటానికి గది దొరకలేదు. కులం తెలిసి పార్సీ సత్రం నుంచి వెళ్ళగొట్టారు. బొంబాయి వచ్చి షేర్లూ స్టాకుల మీద సలహాలిచ్చే చిన్న సంస్థ పెట్టారు. అవును మిత్రులారా, కొలంబియాలో ఆర్థికశాస్త్రం చదివిన అంబేడ్కర్ వ్యాపారం పెట్టారు! సలహా ఇచ్చేది అంటరానివాడని తెలిశాక గిరాకీలు రావడం మానేశారు. సంస్థ మూతపడింది. తెలివి తక్కువై కాదు, సరుకు బాగోలేక కాదు. మార్కెట్‌కి కులం ఉండదని మీ పాఠ్యపుస్తకం చెబితే ఈ కథ గుర్తుచేసుకోండి.

1918 నవంబరులో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్ర ప్రొఫెసర్‌గా చేరారు. కామర్స్ కాలేజీ అది. నెలకి 450 రూపాయల జీతం. స్టాఫ్ గదిలో ఆయన మంచినీళ్ళ కుండ ముట్టుకోవడానికి వీల్లేదని తోటి ప్రొఫెసర్లలో కొందరు అభ్యంతరం పెట్టారు. ఆ అవమానం మధ్యనే పాఠాలు చెప్పారు, పొదుపుగా బతికారు, డబ్బు కూడబెట్టారు. 1920 మార్చిలో ఉద్యోగం వదిలేశారు. తన పొదుపు, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, స్నేహితుడు నవల్ భాతేనా ఇచ్చిన 5000 రూపాయల అప్పు పట్టుకుని మళ్ళీ లండన్ వెళ్ళారు. 1921లో ఎమ్మెస్సీ, 1923లో డీఎస్సీ పూర్తిచేశారు.

చదువు ఆగిపోవడం వేరు, చదువు ఆపుకోవడం వేరు. బాబాసాహెబ్ విరామం మూడు గుంజల మీద నిలబడింది. ఒకటి, లండన్ వదిలే ముందే నాలుగేళ్ళలోపు తిరిగొచ్చి చదువు కొనసాగించడానికి విశ్వవిద్యాలయం నుంచి అనుమతి తీసుకున్నారు. రెండు, మధ్యలో దొరికిన ఉద్యోగాల్లో తన చదువుకి దగ్గరగా ఉన్నదాంట్లో నిలబడ్డారు. మూడు, జీతంలోంచి తిరుగు ప్రయాణానికి డబ్బు పక్కన పెట్టారు. ఈ మూడూ ఉంటే అది విరామం. లేకపోతే దాని పేరు డ్రాపౌటే.

ఇంకో సంగతి. 1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో ఉన్నప్పుడు ఆయన షెడ్యూల్డ్ కులాల కష్టాల మీద వినతిపత్రం ఇచ్చి, మన పిల్లల ఉన్నత చదువులకి ప్రభుత్వ డబ్బు అడిగారు. 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. సగంలో చదువు ఆగితే ఎట్లా ఉంటుందో తెలిసిన మనిషి అడిగిన డబ్బు అది. మీరు ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటున్నదాని వేరు అక్కడుంది. ఏ నాయకుడి దీవెనా కాదు.

ఇక మన కాలానికి వద్దాం. 1991 జూలై 24న సరళీకరణ బడ్జెట్ వచ్చింది. ప్రైవేటు కంపెనీలకి తలుపులు తెరిచారు. సరిగ్గా 13 రోజుల తర్వాత, ఆగస్టు 6న, ఇదే కృష్ణా డెల్టాలో తెనాలి దగ్గర చుండూరులో 8 మంది దళితుల్ని చంపి గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. గొడవ మొదలైంది సినిమా హాల్లో, చదువుకున్న ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీటులో వాడికి తగిలిందని. ఊళ్ళో మన చదువు మీద ఎంత కసి ఉందో చుండూరు చూపించింది. ఆఫీసుల్లో కసి కత్తి పట్టుకుని రాదు, ప్రశ్న రూపంలో వస్తుంది. 2007లో సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతపు కంపెనీల హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడితే, అందరూ ప్రతిభే చూస్తామన్నారు. ఆ వెంటనే ఇంటర్వ్యూలో “మీ కుటుంబ నేపథ్యం ఏంటి?” అని తప్పకుండా అడుగుతామన్నారు. 2012లో వెయ్యి పెద్ద కంపెనీల బోర్డులు లెక్కేస్తే, డైరెక్టర్లలో దాదాపు 93 శాతం అగ్రకులాలవాళ్ళు. ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం.

కాబట్టి డిగ్రీ అవగానే ఎంబీఏ చేసి, 23 ఏళ్ళకి ఇంటర్వ్యూలో కూర్చున్న మన పిల్ల ముందు ఆ ప్రశ్న పడితే ఆమె దగ్గర చెప్పడానికేముంది? పక్క కుర్చీలో కుర్రాడికి నాన్న వ్యాపారం ఉంది. ఆమె చేతిలో రెండేళ్ళ పని అనుభవం ఉంటే, మాట కుటుంబం మీద నుంచి పని మీదికి మళ్ళుతుంది. పని చేసి ఎంబీఏకి వెళ్ళడంలో మనకున్న మొదటి లాభం ఇది.

ఇక డబ్బు. 2020 డిసెంబరులో రెండు నిర్ణయాలొచ్చాయి. ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కి ఐదేళ్ళలో 59,048 కోట్లని కేంద్ర కేబినెట్ ప్రకటించింది. అదే నెలలో మన రాష్ట్ర ప్రభుత్వం జీవో 77 ఇచ్చి, ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్ళకి ఫీజు, హాస్టల్ డబ్బు ఆపేసింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయ కాలేజీల్లో చేరినవాళ్ళకే అన్నది. విజయవాడ చుట్టూ ఎంబీఏ ఎక్కడుంది? ఎక్కువగా ప్రైవేటు కాలేజీల్లోనే. అంటే ఒక్క కాగితంతో ఎంబీఏ అప్పుగా మారింది. ఆ జీవో రద్దు చేయమని విద్యార్థి సంఘాలు ధర్నాలు చేసింది ఇందుకే.

దీనికి ఐసెట్ సంగతి కలపండి. 200 మార్కుల్లో మిగతావాళ్ళకి 50 వస్తే అర్హత. ఎస్సీ, ఎస్టీలకి కనీస మార్కుల నిబంధన లేదు. అది మన హక్కు, మంచిదే. కానీ ర్యాంకు వచ్చింది కదాని సీటు తీసేసుకోకండి. వెబ్ ఆప్షన్ల రోజుల్లో కాలేజీల ఏజెంట్లు మన పేటల్లో తిరిగేది ఎందుకు? “సర్టిఫికెట్లు ఇవ్వండి, ఫీజు సంగతి తర్వాత చూసుకుందాం” అంటారు. నా దగ్గర చదివిన ఒక తమ్ముడు అలాగే ఇచ్చి, రెండేళ్ళ తర్వాత బాకీ కట్టలేక ఒరిజినల్స్ కాలేజీలోనే ఉండిపోతే, చేతికొచ్చిన ఉద్యోగంలో చేరలేకపోయాడు.

ఇప్పుడు సూటిగా చెబుతాను.

నాగార్జున, కృష్ణా, ఆంధ్ర లాంటి ప్రభుత్వ విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో సీటొస్తే, హాస్టల్ దొరికితే, ఆలోచించకుండా వెళ్ళండి. అక్కడ ఎంబీఏతో పాటు లైబ్రరీ దొరుకుతుంది, సంఘం దొరుకుతుంది. క్యాట్ రాసి ఐఐఎం అంచుకి వచ్చినా వెళ్ళండి. అక్కడ 15 శాతం సీట్లు మనవి. ఆ గేటు లోపల దొరికే పరిచయాలు మనం బయట ఎంత పనిచేసినా సంపాదించలేం.

ఇంట్లో పెళ్ళి మాట మొదలైన చెల్లెళ్ళకి మరీ చెబుతున్నాను. మీకు విరామం ఇవ్వరు. ఉద్యోగం పేరుతో ఇంటికొస్తే పుస్తకం మళ్ళీ తెరవనివ్వరు. విశ్వవిద్యాలయంలో సీటుంటే ఈ ఏడాదే చేరండి.

అప్పు చేసి ప్రైవేటు కాలేజీలో చేరాల్సి వస్తే మాత్రం ఆగండి. ముందు మీరు చేరే ఏడాదికి అమల్లో ఉన్న ఫీజు ఉత్తర్వు సాంఘిక సంక్షేమ శాఖలో కనుక్కోండి. కాలేజీ వాళ్ళ నోటి మాట నమ్మొద్దు. డబ్బు రాదని తేలితే రెండేళ్ళు పని చేయండి. ఆటోనగర్‌లో అకౌంట్లు రాసినా, గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో స్టాకు చూసినా, బ్యాంకు పరీక్ష రాసి క్లర్కుగా చేరినా, అది కామర్స్‌కి దగ్గర పని అయ్యుండాలి. నెలనెలా కొంత తిరుగు ప్రయాణం ఖాతాలో వేయండి. ఏ సంవత్సరం తిరిగొస్తారో కాగితం మీద రాసి, అమ్మకో నాన్నకో చదివి వినిపించండి. ఏటా ఐసెట్ తేదీ వచ్చినప్పుడు ఆ కాగితం తీసి చూసుకోండి.

ఈ సలహా ఒక్కో పిల్లకి, ఒక్కో పిల్లాడికి. సంఘాలుగా మన పని వేరే ఉంది. పీజీ ఫీజు మొత్తం ప్రభుత్వమే కట్టాలని అడగడం, సర్టిఫికెట్లు బిగబట్టే కాలేజీల మీద ఫిర్యాదులు పెట్టడం, వెబ్ ఆప్షన్ల వారంలో ప్రతి పేటలో మన సీనియర్లు ఒక బల్ల వేసుకుని కూర్చోవడం. 1917లో బెజవాడలో బడి అడిగారు. మనం అడగాల్సింది ఆ బడి చివరి తరగతి దాకా దారి. ఈ వేసవిలో మీ పేటలో బల్ల ఎవరు వేస్తున్నారో కామెంట్లో రాయండి. రాగలిగిన చోటికల్లా నేనూ వస్తాను.

జై భీమ్!