కుట్టు పుస్తకాలకెక్కింది, కుట్టినవాళ్ల పేర్లు ఎక్కలేదు



మన తండాల్లో ఫేటియా మీద అద్దాలు కుట్టే యాడీలకు ఎవరూ పుస్తకం పెట్టి నేర్పలేదు. తల్లి చెయ్యి చూసి కూతురు నేర్చుకుంది. యూరప్‌లోనూ ఒకప్పుడు ఇంతే. అక్కడ ఆ పని అచ్చులోకి ఎక్కాక ఏం జరిగిందో మనం తెలుసుకోవాలి. ఎందుకంటే ఇవాళ మన డిజైన్లు ఫోన్లలోకి ఎక్కుతున్నాయి.

1520లలో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో షోన్‌స్పెర్గర్ అనే ముద్రాపకుడు కుట్టు నమూనాల పుస్తకం వేశాడు. చెక్క దిమ్మెల మీద చెక్కి అచ్చు వేసిన పువ్వులు, తీగలు, గళ్ల నమూనాలే అందులో ఎక్కువ. వెంటనే కొలోన్‌లో క్వెంటెల్ అవే నమూనాలు చాలా వరకు కాపీ కొట్టి 1527లో తన పుస్తకం తెచ్చాడు. వెనిస్, పారిస్ కూడా అందుకున్నాయి. 1587లో పారిస్‌లో విన్సియోలో వేసిన లేసు పుస్తకం రాణికి అంకితం.

వాడకం ఎలాగంటే, గీతల వెంబడి సూదితో చిల్లులు పొడిచి, బొగ్గు పొడి అద్ది, కింద గుడ్డ మీద చుక్కలు దించేవాళ్లు. మన ఊళ్ల మగ్గం వర్కు షాపుల్లో ట్రేసింగ్ పేపర్‌తో ఇప్పటికీ చేసేది ఇదే గదా! అలా పొడిచి, చించి వాడేయడంతో ఆ పుస్తకాలు చాలా తక్కువే మిగిలాయి.

ఇక అసలు సంగతి. అట్టల మీద పేర్లు ఎక్కువగా మగవాళ్లవే, ముద్రాపకులవే. 1561 ప్రాంతంలో జ్యూరిక్‌లో ఒక లేసు పుస్తకం వచ్చింది. రాసింది పన్నెండేళ్లుగా ఆ పని నేర్పుతున్న ఒక ఆడమనిషి. వెనిస్ వర్తకుల ద్వారా 1536లో లేసు తమ దగ్గరికి వచ్చిందని కూడా ఆమే రాసింది. అంత చెప్పిన ఆమె పేరు మాత్రం మనకు మిగిలింది "ఆర్.ఎం." అనే రెండు అక్షరాలే. 1590లలో రోమ్‌లో ఇసబెల్లా పరసోలే తన పూర్తి పేరుతోనే పుస్తకాలు వేసింది. అలాంటివాళ్లు అరుదు.

ఇది దూరదేశం కథే అనుకోకండి. మన గోదావరి జిల్లా నర్సాపురం లేసు మీద మరియా మీస్ 1982లో పుస్తకం రాసింది. రోజంతా లేసు అల్లే ఆడవాళ్లను పనివాళ్లుగా లెక్కే వెయ్యలేదని, తీరిక వేళ చేసే పని అన్నారని, లాభం వ్యాపారులకు పోయిందని చూపించింది. సరుకు విదేశాలకు వెళ్లింది, పేరు ఇంట్లోనే ఉండిపోయింది.

అందుకే మనం ఒక పని చేద్దాం. ఈ సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అమ్మమ్మ, నాయనమ్మ కుట్టినదాన్ని ఫొటో తీద్దాం. ముందు వాళ్లనే అడుగుదాం. ఏది బయట పెట్టొచ్చో, ఏది పెట్టకూడదో వాళ్లే చెప్పాలి. ఆ కుట్టును మన భాషలో ఏమంటారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాద్దాం. అన్నిటికన్నా పైన వాళ్ల పేరు రాద్దాం, రెండు అక్షరాలు కాదు, పూర్తి పేరు.