ఒక యంత్రము – పలు కాపురములు

పెద్ద మండువా లోగిలిలో నాలుగు కాపురములుండుట మనమెరిగినదే. నేల ఒకటి, నుయ్యి ఒకటి. అయినను ఏ వాటా పొయ్యి ఆ వాటాదే, ఏ తలుపు గడియ ఆ తలుపుదే. వ్యాపారసంస్థల కంప్యూటర్లు నేడు ఇట్లే కాపురము చేయుచున్నవి. జీతముల లెక్కకొక సర్వరు, ఉత్తరములకొక సర్వరు, సరకుల నిల్వకొక సర్వరు ఉన్నవందుము. తీరా చూచిన, అవి తరచు ఒకే పెట్టెలోని మూడు వాటాలు. వీనినే వర్చువల్ మెషీన్లందురు, మనము మిథ్యాయంత్రములనవచ్చును. ఈ ఏర్పాటు నిన్నమొన్నటిదని తలంచుట పొరపాటు.

1960 ప్రాంతమున కంప్యూటరు గదినిండు యంత్రము, వెలయు మిక్కుటము. ఒకరి పని ముగియువరకు మరియొకరు కాచుకొనవలసి యుండెను. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బటో బృందము యంత్రకాలమును చిన్న తునకలు చేసి పలువురకు పంచు పద్ధతిని ప్రదర్శించెను. ఆ కేంబ్రిడ్జి నగరముననే ఐ.బి.ఎం. శాస్త్రకేంద్రమున రాబర్ట్ క్రీసీ ప్రభృతులు కాలమునే కాక యంత్రమునే పంచిరి. వారి సి.పి.-40 అను ఏర్పాటు 1967 జనవరి నాటికి వాడుకలోనికి వచ్చెను. యంత్రమొక్కటియే 14 యంత్రములుగా పనిచేసెను.

ఇదెట్లు సాధ్యము? అన్నిటిపైన పర్యవేక్షక ప్రోగ్రామొకటి యుండును. ప్రతి వాటాయు తన కూడికలు, తీసివేతలు తానే చేసికొనును. యంత్రమంతటిని తాకు ఆజ్ఞను పలికినంతనే ప్రాసెసరు దానిని ఆపి పర్యవేక్షకునకు అప్పగించును. అతడు ఆ వాటా మేరకే పని నెరవేర్చి మరల విడుచును. వాటాలోని ప్రోగ్రాముకు ఆ సంగతియే తెలియదు.

1972లో ఐ.బి.ఎం. ఈ విద్యను వి.ఎం./370 అను పేర బజారున పెట్టెను. పిదప చిన్న యంత్రములు చవుకయ్యెను. పనికొక పెట్టె వచ్చెను. పెక్కు పెట్టెలు పనిలేక కరెంటు తినసాగెను. వానిని కలుపుదమన్న చిక్కు వచ్చెను: ఆ ప్రాసెసర్లలో కొన్ని ఆజ్ఞలు పర్యవేక్షకుని కంటబడకయే జారిపోవును. 1998లో వెలసిన వి.ఎం.వేర్ సంస్థ అట్టి ఆజ్ఞలను ముందే మార్చివ్రాయు ఉపాయముతో 1999లో దానిని దాటెను. 2001లో సర్వర్లకును విస్తరించెను. 2005, 2006లలో ఇంటెల్, ఏ.ఎం.డి. సంస్థలు ప్రాసెసరులోనే ఈ సదుపాయము కల్పించినవి.

పొదుపు నిజమే. కాని లోగిలి కూలిన నాడు కాపురములన్నియు వీధిన పడును. జీతములు, ఉత్తరములు, సరకుల లెక్క ఒక్క గడియలో నిలిచిపోవును. గోడలును అభేద్యములు కావు. ప్రాసెసరులోని లోపముల మూలమున ఒక వాటా రహస్యము వేరొక వాటాకు పొక్కవచ్చునని 2018 జనవరిలో లోకమునకు వెల్లడియైనది. కావున పెట్టెలు తగ్గించిన వ్యాపారి, మిగిలిన సొమ్ములో కొంత రెండవ పెట్టెకును, వేరొకచోట దాచు నకళ్లకును వెచ్చింపవలెను. అట్లు చేయని పొదుపు పొదుపు కాదు. అది రేపటి నష్టమును నేడు లాభమని వ్రాసికొనుటయే యగును.