ఎల్విస్‌కి ఇవ్వని పాట

‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ అనగానే మనలో చాలామందికి విట్నీ హ్యూస్టన్ గుర్తొస్తుంది. 1992లో వచ్చిన ‘బాడీగార్డ్’ సినిమా. మన వెంకటేష్‌ది కాదండోయ్, హాలీవుడ్‌ది. అయితే అది పుట్టుకతో కంట్రీ పాట. కంట్రీ అంటే అమెరికాలో పల్లె జనం గిటారు, ఫిడేలు పెట్టుకుని పాడుకున్న పాటల్లోంచి పెరిగిన సంగీతం. ఈ పాట రాసింది, మొదట పాడింది డాలీ పార్టన్. అదీ ప్రియుడి కోసం రాసింది కాదు. ఉద్యోగం మానేస్తున్నానని చెప్పడానికి రాసింది!

డాలీది టెనెసీ కొండల్లో పేద కుటుంబం, పన్నెండుమంది పిల్లలు. 1964లో హైస్కూల్ అవ్వగానే నాష్‌విల్ వచ్చేసింది. అప్పటికే పెద్ద పేరున్న పోర్టర్ వాగనర్ 1967లో ఆమెని తన టీవీ షోలోకి తీసుకున్నాడు. జనానికి ఆమె తెలిసింది ఆ షోతోనే. ఐదేళ్లు ఉంటానని చేరిన మనిషి, ఏడో ఏడు కూడా అక్కడే ఉంది. వెళ్తానంటే ఆయన ఒప్పుకోడు. రోజూ గొడవే. ఇక మాటలతో అయ్యే పని కాదని 1973లో పాట రాసుకుని, ఆయన ఆఫీసుకెళ్లి ఎదురుగా కూర్చుని పాడింది. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని, సరే వెళ్లు, కానీ ఈ పాట రికార్డు నేను చేయించాకే అన్నాడట. ఇది డాలీయే చాలాసార్లు చెప్పిన సంగతి. 1974లో రికార్డు విడుదలై బిల్‌బోర్డ్ కంట్రీ చార్టులో నంబర్ వన్ అయింది.

అసలు కథ ఇక్కడే మొదలవుతుందని నేనంటాను. ఎల్విస్ ప్రెస్లీకి ఈ పాట నచ్చింది, తనూ పాడతానన్నాడు. ఎల్విస్ అంటే అప్పుడు ఏంటో మీకు చెప్పక్కర్లేదు. డాలీ అందరికీ చెప్పుకుని మురిసిపోయింది. రికార్డింగ్‌కి ముందు ఎల్విస్ మేనేజర్ కల్నల్ టామ్ పార్కర్ ఒక మెలిక పెట్టాడు. పబ్లిషింగ్ హక్కుల్లో సగం మాకు రాసివ్వాలి, లేకపోతే ఎల్విస్ పాడడు.

పబ్లిషింగ్ అంటే ఏంటో ఒక్క నిమిషం చెప్తాను, ఇది అర్థమైతేనే మిగతాది అర్థమవుతుంది. రికార్డు వేరు, పాట వేరు. పాట అంటే ఆ మాటలూ ఆ బాణీ. రేపు ఎవరు పాడి రికార్డు అమ్మినా, రేడియోలో వేసినా, పాట హక్కున్నవాళ్లకి డబ్బు వస్తూనే ఉంటుంది. ఒకరకంగా పొలం లాంటిది, పంట ఎవరు వేసినా కౌలు పొలం యజమానిదే. పార్కర్ అడిగింది ఆ పొలంలో సగం. ఆయనకిది అలవాటే, చాలామంది రచయితలు ఒప్పుకున్నారు కూడా.

డాలీ కుదరదంది. ఆ రాత్రంతా ఏడ్చానని తర్వాత చెప్పింది. ఆమె పిచ్చిదని అన్నవాళ్లు తక్కువేం కాదు. అప్పటికి ఆమెకి ముప్పై ఏళ్లు అటూ ఇటూ, అవతల అంత పెద్ద స్టార్. నాకైతే ఆ పాట రాయడం కన్నా ఆ ‘కుదరదు’ అనడమే గొప్పగా అనిపిస్తుంది.

1982లో ఒక సినిమా కోసం డాలీయే మళ్లీ పాడితే, అదే పాట కంట్రీ చార్టులో మళ్లీ నంబర్ వన్. పదేళ్లకి ‘బాడీగార్డ్’. అందులో ముందు వేరే పాట అనుకున్నారు, అది ఇంకో సినిమాలో వాడేశారు. అప్పుడు హీరో కెవిన్ కాస్ట్‌నర్ ఈ పాట సూచించాడు. మొదట్లో వాయిద్యాలేం లేకుండా గొంతు ఒక్కటే వినపడాలని పట్టుబట్టింది కూడా ఆయనే. అమెరికా మెయిన్ చార్టులో 14 వారాలు పైస్థానంలో ఉంది. పాడింది విట్నీ, కౌలు వెళ్లింది డాలీకి. ఆ డబ్బులో కొంతతో నాష్‌విల్‌లో నల్లవాళ్లు ఎక్కువగా ఉండే పేటలో ఆఫీసు భవనాలు కొన్నానని, అది విట్నీ కట్టించిన ఇల్లు అనుకుంటానని చెప్పింది.

మరి పోర్టర్ సంగతి? అంత కన్నీళ్లు పెట్టుకున్న మనిషే 1979లో ఒప్పందం తప్పిందని ఆమెపై కేసు వేశాడు. కోర్టు బయట డబ్బిచ్చి సర్దుకుంది. తర్వాత మెల్లగా మాటలు కలిశాయి. 2007లో, ఆయన చనిపోవడానికి కొన్ని నెలల ముందు, ఆయన గౌరవార్థం నాష్‌విల్‌లో జరిగిన సభలో డాలీ అదే పాట పాడింది. ఆయన ఎదురుగానే కూర్చుని విన్నాడు.