వెల్‌స్టెడ్ వెళ్ళిన దారి

మా బావమరిది శాన్ హోసేలో ఉంటాడు. 2024 వేసవిలో వాళ్ళు యోసెమిటీ అడవులు, బిగ్ సర్ సముద్రతీరం, నాపా ద్రాక్షతోటలు మూడూ కలిపి వారం రోజులు తిరిగొచ్చి, ఆ ఫోటోలన్నీ వాళ్ళక్కకి పంపాడు. ఊరుకుంటే బాగుండేది. ఫోను చేసి, "మీ మస్కట్‌లో ఏముంటాయి బావా, ఇసకా ఎండా తప్ప!" అన్నాడు. మా ఆవిడ నాకేసి చూసింది. ఆ చూపుకి అర్థం పెళ్ళయిన మగవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడే స్ప్రెడ్‌షీట్ తెరిచాను. ఇరవై ఏళ్ళుగా డేటాబేసులతో కుస్తీ పడుతున్నవాడికి అంతకన్నా వేరే విద్య ఏముంటుంది? మూడు నిలువు వరసలు గీశాను: సముద్రం, ఎడారి, ద్రాక్షతోట. మొదటి రెండూ తేలిగ్గానే నిండాయి. సూర్ తీరం, వహీబా ఇసకతిన్నెలు. ఆ ఎడారి పేరు ఇప్పుడు అధికారికంగా షర్ఖియా శాండ్స్, అయినా అందరి నోటా వహీబాయే. ద్రాక్షతోట దగ్గర ఆగిపోయాను. ఒమాన్‌లో ద్రాక్ష ఎక్కడ పండుతుందని వెతుకుతుంటే జెబెల్ అఖ్దర్ అనే పచ్చకొండ పేరు దొరికింది. ఆ వెతుకులాటలోనే 1838లో లండన్‌లో అచ్చయిన ఒక పుస్తకం కంప్యూటర్ తెర మీదికి వచ్చింది. తెల్లవారుజామున రెండింటి దాకా చదివాను. నేను కష్టపడి వేస్తున్న ప్లానుని ఒకాయన 1835లోనే అమలు చేసేశాడు. అదే వరసలో: ముందు సూర్, తరువాత ఎడారి, ఆ పైన ద్రాక్షకొండ!

ఆయన పేరు జేమ్స్ రేమండ్ వెల్‌స్టెడ్. బొంబాయి కేంద్రంగా ఉన్న ఇండియన్ నేవీలో లెఫ్టినెంట్. పాలినూరస్ అనే సర్వే ఓడ మీద ఎర్రసముద్రమూ అరేబియా దక్షిణ తీరమూ కొలుస్తూ కొన్నేళ్ళు గడిపాడు. హద్రమౌత్ తీరంలో హుస్న్ అల్ ఘురాబ్ అనే కొండమీద ప్రాచీన దక్షిణ అరేబియా శాసనాన్ని 1834లో వెలుగులోకి తెచ్చినవాళ్ళలో ఆయన ఒకడు. ఎప్పుడూ ఓడ మీంచే చూస్తున్న ఈ దేశం లోపల ఏముందో చూడాలనిపించి, 1835 నవంబరులో మస్కట్‌లో దిగాడు. అప్పటికి ముప్ఫై ఏళ్ళవాడు.

నేను ముందుగా రాసుకున్నవి టైర్లలో గాలి తగ్గించే గేజి, ఇసకలో కూరుకుపోతే లాగే తాడు, నలభై లీటర్ల నీళ్ళు, ఆవకాయ. ఆయన ముందుగా చేసినది సుల్తాన్ సయ్యిద్ సయీద్‌ని కలవడం. మస్కట్ నుంచి జాంజిబార్ దాకా ఏలిన సయీద్ ఆయనని ఆదరించి, దారిలో ఉన్న షేకులందరికీ లేఖలు రాయించి ఇచ్చాడు, దారి చూపే మనుషులనీ ఒంటెలనీ ఏర్పాటు చేశాడు. లోపలి ప్రాంతాల్లో సుల్తాను మాట ఎంతవరకు చెల్లుతుందో సుల్తానుకే సరిగా తెలియని రోజులవి. లేఖ ఉన్నా, ఏ తెగ నేల మీద నడిస్తే ఆ తెగ మనిషి ఒకడు పక్కన ఉండాల్సిందే. అతన్ని రఫీక్ అంటారు. మన ఊళ్ళలో రఫీక్ అనే పేరున్న స్నేహితులు చాలామందికి ఉంటారు కానీ, ఆ మాట వెనక ఇంత బరువుందని నాకు తెలియదు. రఫీక్ పక్కనుంటే అతని తెగంతా పూచీ ఉన్నట్టు. 1930 డిసెంబరులో సలాలా నుంచి బయల్దేరి, 1931 ఫిబ్రవరిలో దోహా చేరి, రుబ్ అల్ ఖాలీ ఎడారిని దాటిన మొదటి యూరోపియన్‌గా పేరు పొందిన బెర్ట్రమ్ థామస్ దాటింది కూడా రషీద్ తెగ షేకు సాలిహ్ బిన్ కలూత్ పూచీ మీదే. పుస్తకాల అట్టల మీద మాత్రం ఒక్క పేరే ఉంటుంది.

అక్టోబరులో రెండు బళ్ళు, రెండు కుటుంబాలు బయల్దేరాం. మస్కట్ నుంచి సూర్‌కి సుమారు రెండు వందల కిలోమీటర్లు. ఎడమ పక్క సముద్రం, కుడి పక్క బోడికొండలు, మధ్యన అద్దంలాంటి రోడ్డు. 1970లో సుల్తాన్ ఖబూస్ గద్దెనెక్కే నాటికి ఈ దేశం మొత్తంలో తారురోడ్డు పది కిలోమీటర్లేనని ఇక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. వెల్‌స్టెడ్ సూర్‌కి పడవలోనే వచ్చాడు.

సూర్‌కి కొంచెం ఇవతల కల్హాత్ శిథిలాలు ఉన్నాయి. బీబీ మరియం సమాధి అని చెప్పే ఒక కట్టడం, చుట్టూ రాళ్ళగుట్టలు. 2018లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. పిల్లలు రెండు నిమిషాల్లో ఫోటోలు తీసుకుని "ఇంక వెళదామా?" అన్నారు. నేను కదల్లేదు. పదమూడో శతాబ్దంలో ఇది హోర్ముజ్ రాజుల చేతిలో ఉన్న పెద్ద రేవు. ఇక్కడినుంచి ఇండియాకి గుర్రాలు ఓడలెక్కేవని మార్కో పోలో రాశాడు. అదే పుస్తకంలో ఆయన మన మోటుపల్లి గురించీ, ఆ రాజ్యాన్నేలిన రాణి గురించీ కూడా రాశాడు. ఆ రాణి రుద్రమదేవి అనే చరిత్రకారులు చెబుతారు. ఓరుగల్లు తండ్రీకూతుళ్ళకి కల్హాత్ పేరు తెలుసో లేదో కానీ, అరేబియా గుర్రం విలువ తెలియకుండా ఉండదు. మన నేలమీద మేలుజాతి గుర్రం పెరగదు. దక్కను రాజులందరిదీ అదే బాధ. దాదాపు రెండు వందల యాభై ఏళ్ళ తరువాత కృష్ణదేవరాయలు కూడా ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ, ఏనుగుల్నీ గుర్రాల్నీ తెచ్చే విదేశీ వర్తకుల్ని బాగా చూసుకోవాలనీ, అవి శత్రువుల చేతికి పోకూడదనీ రాశాడు.

అక్కడ నిలబడితే నాకు గుర్తొచ్చింది మోటుపల్లి అభయశాసనం. 1244లో రుద్రమ తండ్రి గణపతిదేవుడు వేయించినది. అంతకు ముందు రాజులు, తుఫానుకి ఓడ బద్దలై ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో సరుకంతా లాక్కునేవాళ్ళట. గణపతిదేవుడు అలా చేయనని సముద్ర వర్తకులకి మాట ఇచ్చి, తీసుకునే సుంకం ఎంతో రాతిమీద చెక్కించాడు. స్కూల్లో ఇది నాలుగు మార్కుల ప్రశ్న. ఇక్కడ, ఈ ఎండలో, ఓడ దిగే మనిషి వైపునుంచి చూస్తే అది ఇంకో రకంగా కనిపించింది. మా అమ్మాయికి చెప్పబోతే, "నాన్నా, ఏసీలో చెప్పు" అంది. న్యాయమే.

ఆ రాత్రి రాస్ అల్ జింజ్‌లో గుడ్లు పెట్టే పచ్చ తాబేళ్ళని చూశాం. మర్నాడు జాలాన్ బనీ బూ అలీ. ఇక్కడ కాస్త ఆగాలి. 1820లో ఈ ఊరి తెగ మీదికి బ్రిటిష్ వాళ్ళు కెప్టెన్ థామ్సన్ కింద సైన్యాన్ని పంపారు. ఊరివాళ్ళు కత్తులతో మీదపడి ఆ సైన్యాన్ని చాలావరకు తుడిచిపెట్టారు. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఇండియా సిపాయిలే. మరుసటి ఏడు బొంబాయి నుంచి పెద్ద సైన్యం వచ్చి ఊరు నేలమట్టం చేసింది, మిగిలినవాళ్ళలో చాలామందిని బందీలుగా బొంబాయి తీసుకుపోయింది. పద్నాలుగేళ్ళు గడిచాయి. ఆ ఊరికి ఒక ఇంగ్లీషు అధికారి ఒంటరిగా, ఒంటె మీద వచ్చాడు. ఏం జరగాలి? వాళ్ళు ఆయనకి విందు చేశారు, యుద్ధనృత్యం చూపించారు. మమ్మల్ని గెలిచినవాడివి, ఇప్పుడు మా అతిథివి అన్నట్టుగా ఉంది ఆ వర్ణన. వెల్‌స్టెడ్ తన పుస్తకంలో అంత ఆప్యాయంగా రాసిన ఊళ్ళు తక్కువ. అక్కడి నుంచి బెదూయిన్ల వెంట ఎడారిలోకి వెళ్ళాడు.

మా ఎడారి గురించి పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. టైర్లలో గాలి తగ్గించాం, అయినా కూరుకుపోయాం. పదహారేళ్ళ బెదూయిన్ కుర్రాడొకడు టొయోటా పికప్‌లో వచ్చి, నా తాడుని చూసి నవ్వి, తన తాడుతో లాగాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. వదిన చేసిన పులిహోర మాత్రం తిన్నాడు.

ఎడారి దాటాక ఇబ్రా, తరువాత సమద్ అల్ షాన్. వెల్‌స్టెడ్ ఇక్కడి కోటలో బస చేశాడు, తోటి నేవీ అధికారి వైట్‌లాక్ ఇక్కడే వచ్చి కలిశాడు. మేం మాత్రం ఈ ఊళ్ళో ఎక్కువ మాట్లాడకుండానే దాటాం. 2024 ఏప్రిల్‌లో వచ్చిన వరదలో ఇక్కడి వాది బడిపిల్లలున్న బండిని ఈడ్చుకుపోయింది. వాది అంటే ఏడాదిలో చాలా రోజులు ఎండిపోయి ఉండే వాగు. చూస్తే గులకరాళ్ళు పరిచిన మైదానంలా, డేరా వేసుకోమని పిలుస్తున్నట్టుగా ఉంటుంది.

ఇంత తెలిసీ నా స్ప్రెడ్‌షీట్‌లో మూడో రాత్రికి రాసుకున్నది ఏమిటో తెలుసా? "వాది ముఐదిన్ ముఖద్వారం, టెంట్." జెబెల్ అఖ్దర్ నుంచి దిగే ఆ వాది, బిర్కత్ అల్ మౌజ్ అనే ఊరి దగ్గర బయటపడుతుంది. ఆ పేరుకి అరటి కొలను అని అర్థం. వెల్‌స్టెడ్ కొండ దిగి వచ్చింది ఈ వాది వెంబడే. అదే మోజుతో నేనూ అక్కడే పడుకోవాలనుకున్నాను. సాయంత్రం ఊళ్ళో నీళ్ళకోసం కొట్టు దగ్గర ఆగి మేం మాట్లాడుకుంటుంటే, పక్కన చాయ్ తాగుతున్న మనిషి, "తెలుగోళ్ళా అన్నా?" అన్నాడు. కామారెడ్డి దగ్గర పల్లె అతనిది. ఖర్జూరం తోటలో పని. పదకొండేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. ఎక్కడ పడుకుంటారని అడిగాడు. చెప్పాను.

"వద్దన్నా. ఈడ వాన లేదని చూస్కోకు. పైన కొండకు మబ్బు పట్టింది, చూడు. పిల్లలున్నరు. వాగుల పండొద్దు."

ఫోనులో వాతావరణం చూపించాను, ఎండ బొమ్మ ఉంది. అతను ఆ బొమ్మని చూడనైనా లేదు. మా బళ్ళకి ముందు నడిచి, తోట గోడ పక్కన గట్టు మీద చోటు చూపించి, యజమానిని అడిగొస్తానని వెళ్ళాడు. అరగంటలో ఆ ఒమానీ పెద్దాయనే స్వయంగా ఖర్జూరాలూ కాఫీ పట్టుకుని వచ్చాడు. రాత్రి మా మీద ఒక్క చినుకు పడలేదు. తెల్లారి లేచి చూస్తే, నేను గుర్తు పెట్టుకున్న చోట మోకాలి లోతున ఎర్రనీళ్ళు పారుతున్నాయి. మా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అదే భయమేసింది.

ఆ పొద్దున అతనే మాకు ఫలజ్ చూపించాడు. భూమి లోపలి నీటిని వాలుగా తవ్విన సొరంగంలోంచి ఊళ్ళోకి తెచ్చే కాలువ అది. 2006లో యునెస్కో గుర్తించిన ఐదు ఫలజ్‌లలో ఒకటైన అల్ ఖత్మీన్ ఈ ఊరిదే. నీటిని కొలిచేది లీటర్లలో కాదు, కాలంలో. ఒక 'అథర్' అంటే సుమారు అరగంట పారకం. గడియారాలు రాకముందు పగలు నీడని బట్టి, రాత్రి చుక్కల్ని బట్టి లెక్కకట్టేవాళ్ళు. పంచే మనిషిని ఆరిఫ్ అంటారు. "మా ఊర్ల నీరటి ఉంటుండె గద అన్నా, గట్లనే" అన్నాడు. నిజమే. చెరువు తూము దగ్గర నీరటి మాటే చట్టం. నాకు ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది కానీ, ఆ పోలిక తట్టింది అతనికి.

ఇక కొండ. చెక్‌పోస్టు దగ్గర పోలీసులు ఫోర్ వీల్ డ్రైవ్ అయితేనే పోనిస్తారు. ముప్ఫై అయిదు కిలోమీటర్లు మలుపులు తిరిగితే సుమారు రెండు వేల మీటర్ల ఎత్తున సైఖ్ పీఠభూమి. మేం గంటలో ఎక్కాం. వెల్‌స్టెడ్ నిజ్వా మీదుగా తనూఫ్ వచ్చి, అక్కడినుంచి గాడిదల మీద ఎక్కాడు. ఆ పాత తనూఫ్ ఇప్పుడు మొండిగోడలు. 1950ల జెబెల్ యుద్ధంలో బ్రిటిష్ విమానాలు కూల్చిన ఊరది, బనీ రియామ్ తెగ షేకు సులేమాన్ బిన్ హిమ్యర్‌ది.

పైన షురైజా ఊరి కింద లోయలోకి మెట్లుమెట్లుగా దిగే మళ్ళు చూసి వెల్‌స్టెడ్ ముచ్చటపడ్డాడు. ద్రాక్ష, దానిమ్మ, అక్రోటు, బాదం, అత్తి అన్నీ రాసుకున్నాడు. అన్నిటికంటే ఆశ్చర్యంగా రాసినది ఏమిటంటే, ఈ కొండ మీది బనీ రియామ్ వాళ్ళు తమ ద్రాక్షతో సారాయి కాచి దాపరికం లేకుండా తాగుతారని! ఎందుకంటే, ఈ చలిలో తప్పదన్నారట. అంటే మా బావమరిది నాపాకంటే ముందే ఒమాన్‌లో వైన్ కంట్రీ ఉందన్నమాట. మస్కట్ ద్రాక్ష అనే రకానికి ఆ పేరు ఈ ఊరినుంచే వచ్చిందని ఇక్కడ కొందరు సరదాగా అంటారు గానీ, నిఘంటువులు చాలావరకు కస్తూరి వైపే చూపిస్తాయి. బావమరిదితో వాదనలో ఆ సంగతి చెప్పలేదు.

ఆ సారాయి ఇప్పుడు లేదు. వసంతంలో గులాబీలు కోసి మట్టి పొయ్యిల మీద పన్నీరు తీస్తారు, వేసవిలో ద్రాక్ష తింటారు, ఆ తరువాత దానిమ్మ. మేం వెళ్ళేసరికి దానిమ్మ ఆఖరి కోత. మళ్ళలో కొన్ని ఎండిపోయి ఉన్నాయి. ఈ చెట్లు కాయాలంటే శీతాకాలంలో తగినన్ని గంటల చలి తగలాలి. ఆ చలి గంటలు తగ్గుతున్నాయని జర్మనీ పరిశోధకులు ఈ తోటల్లోనే కొలిచి తేల్చారు. చిన్నప్పుడు హైదరాబాద్ శివార్లలో అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్ళు చూశాను. అవి ఎండకి పోలేదు, ప్లాట్లకి పోయాయి. ఫలితం ఒకటే.

వెల్‌స్టెడ్ కథ తరువాత అంత బాగా నడవలేదు. నిజ్వాలో ఆయనకీ నౌకర్లకీ జ్వరం పట్టుకుంది. కోలుకుని 1836లో ఇబ్రీ దాకా వెళ్ళాడు. వహాబీల అలజడితో అక్కడినుంచి వెనక్కి తిరగాల్సి వచ్చింది. 1837లో మళ్ళీ మస్కట్ వచ్చి, జ్వరం సంధిలో తుపాకీ నోట్లో పెట్టుకుని పేల్చుకున్నాడు. ప్రాణం దక్కింది, ఆరోగ్యం మాత్రం దక్కలేదు. 1842లో పోయాడు.

దిగేటప్పుడు తోట దగ్గర ఆగి, కొండమీద కొన్న దానిమ్మల్లో సగం కామారెడ్డి తమ్ముడికి ఇచ్చాం. మా అమ్మాయి తాబేళ్ళ ఫోటోలు చూపించింది. అతను ఒక్కొక్కటీ వేలితో జరుపుతూ చూసి, "సముద్రం గింత దగ్గర్నే ఉందా బిడ్డా?" అన్నాడు. పదకొండేళ్ళలో సముద్రం చూడలేదట. విమానాశ్రయం, తోట, మళ్ళీ విమానాశ్రయం. మొదట పని చేసిన చోట పాస్‌పోర్టు వాళ్ళ సొరుగులోనే ఉండేదన్నాడు. కాంట్రాక్టు అయిపోయినా వదల్లేదు. 2021 జనవరి నుంచి, కాంట్రాక్టు ముగిస్తే పాత యజమాని ఎన్‌ఓసీ లేకుండానే ఉద్యోగం మారొచ్చని ఒమాన్ ప్రభుత్వం మార్చాకే ఈ పెద్దాయన దగ్గరికి రాగలిగాడు. "గీ సేటు మంచోడు. కాయితం నా దగ్గర్నే ఉంది" అని, చొక్కా జేబు తట్టి చూపించాడు.

ఈసారి ప్లాను మళ్ళీ సూర్‌కే. స్ప్రెడ్‌షీట్‌లో రెండో బండిలో ఒక సీటు ఖాళీగా ఉంచాం. ఖర్జూరం కోతలు అయ్యాక, శుక్రవారం సెలవు కలిసొస్తే ఫోను చేస్తానన్నాడు.